గోదురు కప్పను ముట్టుకుంటే పులిపిర్లు రావు

తొలకరి వాన వెలిసిన రాత్రి గోదావరి డెల్టా పల్లెల్లో ఏ అరుగు మీద దీపం వెలిగినా ఉసిళ్లు ముసురుతాయి. వాటి వెనకాలే గోదురు కప్పలూ వస్తాయి. దీపం వెలుగు నేలను తాకే చోట ఒక్కొక్కటి ఒక్కో జాగా చూసుకుని కూర్చుంటుంది. రెక్కలు రాలి కిందపడిన పురుగును నాలుకతో అందుకుంటుంది. మళ్లీ రాయిలా కదలకుండా ఉండిపోతుంది. ఇంటివాళ్లు మాత్రం చీపురు కోసం వెతుకుతారు. తుంటరి పిల్లలుంటే పిడికెడు ఉప్పు తెచ్చి దాని వీపు మీద చల్లుతారు.

చిన్నప్పటి నుంచీ అందరూ చూస్తున్న జంతువే. అయినా దాని గురించి చెప్పుకునే మాటల్లో నిజం తక్కువ. ముట్టుకుంటే పులిపిర్లు లేస్తాయంటారు. దాని మూత్రం విషమంటారు. అది తిరిగే ఇంటికి పాము రాక తప్పదంటారు. ఈ మాటల మూలాన ఏటా వానాకాలంలో చెప్పు దెబ్బలకూ, కర్ర దెబ్బలకూ ప్రాణాలు వదిలే గోదురు కప్పలకు లెక్క లేదు.

బావురు కప్ప వేరు, ఇది వేరు

మన వాడుకలో రెండూ కప్పలే గానీ వాటి మధ్య తేడా చాలా ఉంది. బావురు కప్ప చర్మం నున్నగా, తడిగా ఉంటుంది. వెనక కాళ్లు పొడుగు. ఒక్క దూకుతో చెరువులో పడుతుంది. వాన పడ్డాక మగ బావురు కప్పలు పసుపు పూసుకున్నట్టు పచ్చబడిపోతాయి. రాత్రంతా ఊరు దద్దరిల్లేలా అరిచే గోలలో పెద్ద వాటా వాటిదీ, పొలాల్లో ఉండే చిన్న కప్పలదీ.

గోదురు కప్ప మెట్ట మీద బతికే జీవి. చర్మం పొడిగా, గరుకుగా, బొడిపెలతో ఉంటుంది. బొడిపెల కొనలు నల్లగా ఉంటాయి. తల మీద కళ్ల చుట్టూ నల్లని గట్టు గీసినట్టు ఎముక అంచులు కనిపిస్తాయి. దీన్ని గుర్తుపట్టడానికి ఈ నల్ల గట్టు ఒక్కటి చాలు. కాళ్లు పొట్టి కనుక పెద్దగా దూకలేదు. గెంతుతుంది, ఒక్కోసారి తాపీగా నడుస్తుంది. నోట్లో పళ్లు లేవు. ఆడది మగదాని కంటే పెద్దది. బాగా ఎదిగిన ఆడ కప్ప ఆరు అంగుళాల దాకా ఉంటుంది. జత కట్టే రోజుల్లో మగదాని గొంతు కింద పసుపు, నారింజ కలిసిన రంగు వస్తుంది. అక్కడే ఉన్న సంచిని బుడగలా ఉబ్బించి కుర్ర్, కుర్ర్ అని ఆగకుండా సాగదీస్తుంది.

ఈ జాతిని శాస్త్ర ప్రపంచానికి పరిచయం చేసినవాడు జర్మన్ పండితుడు ష్నైడర్. ఆయన 1799లో దీనికి బూఫో మెలనోస్టిక్టస్ అని పేరు పెట్టాడు. మెలనోస్టిక్టస్ అంటే నల్ల చుక్కలు కలది. రెండు వందల ఏళ్లు ఆ పేరే సాగింది. 2006లో శాస్త్రజ్ఞులు బూఫో కుటుంబాన్ని మళ్లీ విడదీసి, ఈ జాతినీ దీని దగ్గరి చుట్టాలనూ డట్టాఫ్రైనస్ అనే కొత్త ప్రజాతిలో చేర్చారు. కప్పల మీద జీవితమంతా పరిశోధన చేసిన ఒడిశా శాస్త్రజ్ఞుడు సుశీల్ కుమార్ దత్తా గౌరవార్థం పెట్టిన పేరది. ఉప్పు చల్లించుకునే జంతువు పేరులో ఒక భారతీయ శాస్త్రజ్ఞుని పేరు ఉందన్న సంగతి చాలామందికి తెలియదు.

నోటితో నీరు తాగదు

వేసవిలో కాలువలు కట్టేశాక గోదురు కప్పలు ఎక్కడికి పోతాయని అడిగేవారుంటారు. అవి ఎక్కడికీ పోవు. నీళ్ల గోలెం కింద, తులసికోట పక్క రాళ్ల సందులో, గడ్డివాము అడుగున, వదిలేసిన ఎలుక బొరియల్లో నక్కి ఉంటాయి. అవి ఏరుకునే చోట్లన్నిటిలోనూ కాస్త తేమ ఉంటుంది. దానికి కారణం ఉంది. గోదురు కప్ప నోటితో నీరు తాగదు. పొట్ట కిందా తొడల దగ్గరా ఉండే పలుచని చర్మం ద్వారా నీటిని పీల్చుకుంటుంది. తడి నేల మీద కాళ్లు పరుచుకుని కూర్చుంటే దానికి దాహం తీరుతుంది. పీల్చుకున్న నీటిని మూత్రాశయంలో నిలవ చేసుకుని, ఎండలు ముదిరినప్పుడు వాడుకుంటుంది.

చేత్తో పట్టుకుంటే వెంటనే వదిలేది ఆ నీరే. అది విషం కాదు. అలా వదిలించుకోవడం కప్పకే నష్టం, ఎండాకాలానికి దాచుకున్న నీరు పోతుంది. ఉప్పు చల్లితే జరిగేది ఇంకా ఘోరం. చర్మం గుండా నీరు లోపలికి వెళ్లినంత సులువుగానే బయటికీ వస్తుంది. ఉప్పు ఆ నీటిని లాగేస్తుంది. కప్ప గిలగిల కొట్టుకోవడం పిల్లలకు వేడుక కావచ్చు గానీ, దానికి అది ఒళ్లంతా ఎండగట్టి చంపడమే.

చర్మాన్ని అది అప్పుడప్పుడు మారుస్తుంది. పాత పొరను నోటితో, కాళ్లతో చొక్కా విప్పినట్టు లాగి, చివరికి దాన్నే మింగుతుంది. అందుకే పాము కుబుసం దొరికినట్టు కప్ప కుబుసం ఎవరికీ దొరకదు. తినడంలోనూ దాని పద్ధతి దానిదే. నాలుక వెనక వైపు కాక దవడ ముందు భాగానికి అతుక్కుని ఉంటుంది. అందువల్ల మడిచిన చేతి రుమాలు విసిరినట్టు బయటికి వస్తుంది. పురుగు నోట్లో పడ్డాక కళ్లు మూస్తుంది. అది తృప్తితో మూయడమని అనుకుంటారు గానీ కాదు. కంటి గుడ్లు లోపలికి దిగి, నోటి పైభాగం నుంచి పురుగును గొంతులోకి నెడతాయి.

కదలని పురుగును అది పట్టించుకోదు. చచ్చిన ఈగలు ముందు పోసినా వాటి నడుమ పస్తుంటుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎవర్ట్ యూరపు గోదురు కప్పల మీద ఈ విషయమై ఏళ్ల తరబడి పరిశోధించాడు. అగ్గిపుల్ల లాంటి గీతను అడ్డంగా, పురుగు పాకినట్టు కదిలిస్తే కప్ప దాని మీదికి ఉరుకుతుంది. అదే గీతను నిలువుగా నిలబెట్టి పక్కకు జరిపితే లక్ష్యపెట్టదు. ఏది ఆహారం, ఏది కాదు అని తేల్చడం దాని కన్నూ మెదడూ కలిసి చేసే పని అని అందువల్ల తేలింది.

వ్యవసాయ ప్రచారాల్లో దీన్ని రైతు నేస్తం అంటారు. ఆ మాటలో కొంత అతిశయోక్తి ఉంది. దానికి రైతు తెలియడు, పైరు తెలియదు. ఎక్కువగా తినేవి చీమలు, చెదపురుగులు, పెంకు పురుగులు. నోట పట్టేది, కదిలేది ఏదైనా సరే తింటుంది. ఇంటి గుమ్మాన్నీ దూలాన్నీ తొలిచే చెదలు వాటిలో ఉన్నాయన్నది మాత్రం కాదనలేని మేలు.

వీపు మీద విషం

ఇక పులిపిర్ల సంగతి. మనిషి చర్మం మీద పులిపిర్లు వచ్చేది వైరస్ వల్ల. ఆ వైరస్ మనిషి నుంచి మనిషికి అంటుకుంటుంది. కప్పకు దానితో ఏ సంబంధమూ లేదు. కప్ప వీపు మీద ఉన్నవి చర్మ గ్రంథులు. చూడడానికి పులిపిరిలా ఉండడమే అది చేసుకున్న పాపం.

అయితే విషం బొత్తిగా లేదనీ కాదు. కళ్ల వెనక, భుజాల పైన చిక్కుడు గింజ ఆకారంలో రెండు లావుపాటి ఉబ్బులు ఉంటాయి. వీటిని పారొటాయిడ్ గ్రంథులంటారు. కప్పను కొరికితే, గట్టిగా నొక్కితే వీటి నుంచి పాలలాంటి చిక్కని ద్రవం ఊరుతుంది. అందులోని పదార్థాలు జీవకణాల్లో సోడియం, పొటాషియం లవణాల రాకపోకలను నడిపే వ్యవస్థను అడ్డగించి గుండె లయ తప్పిస్తాయి. చైనా సంప్రదాయ వైద్యంలో గోదురు కప్పల గ్రంథుల ద్రవాన్ని ఎండబెట్టి మందుగా వాడుతున్నారు. ఈ జాతి కూడా అందుకు పనికివస్తుంది. మోతాదు తప్పితే ఆ మందే విషం.

ఆ విషం కప్ప తానై చిమ్మేది కాదు. కొరికినవాడి నోటికి అంటేది. కనుక చేత్తో తీసి పక్కన పెట్టినవారికి భయం లేదు. ఆ చేత్తో కళ్లు నులుముకోకుండా సబ్బుతో కడుక్కుంటే సరి. కుక్కలకు మాత్రం జాగ్రత్త పడాలి. కుక్కపిల్ల గోదురు కప్పను నోట కరిస్తే వెంటనే నురగలు కక్కుతుంది. తల కిందికి వంచి, నీరు గొంతులోకి పోకుండా నోరు బాగా కడగాలి. తూలినా వణికినా పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి.

తినడం మాట తలపెట్టనే కూడదు. గోదురు కప్పనూ దాని గుడ్లనూ తిని మనుషులు మరణించిన ఉదంతాలు లావోస్ వంటి దేశాల నుంచి వైద్య పత్రికల్లో వచ్చాయి. వండినంత మాత్రాన ఆ విషం పోదు. మన దేశం నుంచి కప్ప కాళ్లు టన్నుల కొద్దీ విదేశాలకు ఎగుమతైన రోజుల్లో బావురు కప్పలు బలైపోయాయి. 1987లో కేంద్ర ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. అన్నాళ్లూ గోదురు కప్పను ఎవరూ ముట్టకపోవడానికి దాని వీపు మీది పాలే కారణం.

నీరుకట్టె పాము, నాగుపాము, జెర్రిపోతు మాత్రం దీన్ని నిశ్చింతగా మింగుతాయి. ఆసియాలో గోదురు కప్పలతో లక్షల ఏళ్లుగా కలిసి బతికిన పాములు చాలావాటికి ఆ విషాన్ని తట్టుకునే మార్పు శరీరంలో వచ్చింది. అందువల్ల కప్ప ఉంటే పాము వస్తుందన్న మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. అయితే ఇంట్లోకి పామును రప్పించేది ఎక్కువగా ఎలుకలు. ధాన్యం బస్తాల వెనక ఎలుక బొరియను వదిలేసి, వాకిట్లో కప్పను కొట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు.

నల్లపూసల గొలుసు

గోదురు కప్ప ఏడాదిలో ఎక్కువ భాగం నేల మీదే ఉన్నా, సంతానం కావాలంటే నీటికి రాక తప్పదు. జూన్‌లో వానలు మొదలై, కాలువలకు నీరు వదిలి, నారుమళ్లు తడిసేసరికి మగ కప్పలు ముందుగా నీటి ఒడ్డుకు చేరతాయి. పారే కాలువ వాటికి పనికిరాదు. నిలవ నీరు కావాలి. రోడ్డు పక్క గోతులు, నారుమడి మూలలు, కుంటల అంచులు, ఇటుక బట్టీల దగ్గర మట్టి తవ్విన గుంటలు వాటికి ఇష్టమైన తావులు.

ఆడ కప్ప రాగానే మగది వీపెక్కి, చంకల కింద చేతులు బిగిస్తుంది. పట్టు జారకుండా ఆ రోజుల్లో దాని ముందరి వేళ్లకు గరుకు మెత్తలు లేస్తాయి. తొందరలో ఒక మగది మరో మగదాన్ని పట్టుకోవడమూ మామూలే. పట్టుబడిన మగది కిచకిచమని ఒక ప్రత్యేకమైన కూత కూస్తుంది. నేను ఆడదాన్ని కాను, వదులు అని దానికి అర్థం. ఒక్కొక్క ఆడదాని చుట్టూ నాలుగైదు మగవి ముద్దగా పట్టుకుంటే అది నీట మునిగి చనిపోవడం కూడా కద్దు.

గుడ్లు పెట్టే తీరు చూడదగింది. బావురు కప్పల గుడ్లు జిగురు ముద్దలుగా ఉంటాయి. గోదురు కప్పవి రెండు పొడవాటి జిగురు దారాలు. వాటిలో గుడ్లు వరసగా, నల్లపూసలు గుచ్చినట్టు ఉంటాయి. నీటి మొక్కల కాడలకు చుట్టుకుని బారలకు బారలు సాగుతాయి. ఒక్కో కాన్పులో గుడ్లు వేల సంఖ్యలో ఉంటాయి. ఒకటి రెండు రోజుల్లోనే నల్లని తోకకప్పలు బయటికి వస్తాయి.

ఈ తోకకప్పలు విడివిడిగా తిరగవు. నీటిలో ఎవరో సిరా ఒలకబోసినట్టు గుంపులు గుంపులుగా కదులుతాయి. కర్ణాటకలోని ధార్వాడ విశ్వవిద్యాలయంలో సైదాపూర్, ఆయన సహచరులు వీటి మీద చేసిన ప్రయోగాలు లోకమంతటా పేరు పొందాయి. ఒకే తల్లి గుడ్ల నుంచి వచ్చిన తోకకప్పలు తమ తోబుట్టువులను పోల్చుకుంటాయనీ, పరాయివాటి పక్కకు కాక తోబుట్టువుల పక్కకే చేరతాయనీ వారు నిరూపించారు. వేలమందిలో తన వారెవరో చీకటి నీటిలో తెలుసుకునే ఈ జ్ఞానం ఆవగింజంత తలలో ఉంది.

నీటి నాచు గీరుకు తింటూ నెల, నెలన్నర పెరిగాక అసలు మార్పు మొదలవుతుంది. ముందు వెనక కాళ్లు, తర్వాత ముందరి కాళ్లు వస్తాయి. తోకను ఎవరూ కోయరు, అది శరీరంలోకే ఇంకిపోతుంది. నాచు అరిగించుకునే పొడవాటి పేగు, పురుగులు తినడానికి తగ్గట్టు కురచబడుతుంది. మొప్పలు పోయి ఊపిరితిత్తులు పనిలోకి వస్తాయి. ఈ కొద్ది రోజులూ అది ఏమీ తినదు. పని అంతా నడిపించేది థైరాయిడ్ గ్రంథి ఊరించే రసం. మార్పు ముగిసి గట్టెక్కేసరికి పిల్ల కప్ప చిటికెన వేలి గోరంత ఉంటుంది. ఒక వాన పడిన పొద్దున గట్ల మీదా రోడ్ల మీదా వందల కొద్దీ నల్లని పిల్లలు ఎగురుతూ కనిపించేది అప్పుడే. ఆకాశం నుంచి కప్పలు కురిశాయని ఊళ్లలో చెప్పుకునేది చాలావరకు ఈ గట్టెక్కే గుంపులను చూసే.

గుడ్డు పెట్టిన నాటి నుంచి పిల్ల గట్టెక్కే నాటి వరకు నీరు నిలవాలి. గోదురు కప్ప బతుకులో అతి సున్నితమైన ఘట్టం ఇదే. ఈలోగా గుంట ఎండితే వేల గుడ్లలో ఒక్కటీ మిగలదు. తొలి వాన తర్వాత ఇరవై రోజులు వాన మొహం చాటేస్తే, గుంట అడుగున నల్లగా అట్ట కట్టేది ఆ ఏటి సంతానమే.

పంట కరువొచ్చినప్పుడు తెలుగు పల్లెల్లో కప్పతల్లి ఆడడం పాత ఆచారం. రోకలికి వేపమండలతో పాటు కప్పను కట్టి ఇల్లిల్లూ తిప్పుతారు. ఇల్లాళ్లు బిందెలతో నీళ్లు పోస్తారు. కప్ప వాన తెస్తుందో లేదో గానీ, వాన ఆగిపోతే ముందు చచ్చేది కప్ప పిల్లలే అన్న సంగతి ఈ ఆచారం కట్టినవారికి తెలిసే ఉండాలి. ఆట ముగిశాక కట్టు విప్పి తడి ఉన్న చోట వదిలితే ఆ రోకలి మీది కప్పా బతుకుతుంది.

సముద్రం దాటితే శాపం

ఇంత సున్నితమైన బతుకు అని జాలిపడేలోగా ఇంకో కథ వినాలి. ఆఫ్రికాకు తూర్పున మడగాస్కర్ అనే పెద్ద ద్వీపం ఉంది. అక్కడ గోదురు కప్పల జాతి అనేదే లేదు. 2014లో తొమసీనా రేవు పట్టణం చుట్టూ ఈ కప్పలు కనిపించినట్టు నమోదైంది. ఆగ్నేయాసియా నుంచి ఓడ సరుకుతో వచ్చి ఉంటాయని భావిస్తున్నారు. అక్కడి పాములకూ, పక్షులకూ, ఇతర జంతువులకూ గోదురు కప్ప విషం అలవాటు లేదు. 2018లో శాస్త్రజ్ఞులు ఆ ద్వీపంలోని 77 జాతుల జన్యువులను పరీక్షించారు. విషాన్ని తట్టుకునే మార్పు ఒకే ఒక్క ఎలుక జాతిలో కనిపించింది. మిగిలినవి ఈ కప్పను మింగితే ప్రమాదమే. వాటిలో చాలా జాతులు ప్రపంచంలో మరెక్కడా లేనివి.

ఈ భయానికి ముందే ఒక ఉదాహరణ ఉంది. చెరకు తోటల్లో పెంకు పురుగులను తింటాయని 1935లో ఆస్ట్రేలియా వారు హవాయి నుంచి దక్షిణ అమెరికా జాతి గోదురు కప్పలను తెచ్చి క్వీన్స్‌లాండ్‌లో వదిలారు. పురుగులు తగ్గలేదు. కప్పలు మాత్రం ఖండంలో చాలా దూరం పాకిపోయాయి. వాటిని తిన్న అక్కడి జంతువులు ఎన్నో నశించాయి. మన వాకిట్లో పాములకు తేలిగ్గా దొరికే ఆహారం, దాన్ని ఎరగని చోట ఇంత పని చేస్తుంది.

డెల్టాలో మారిన నీరు

గోదురు కప్ప ఇప్పటికైతే అరుదైన జంతువు కాదు. పట్నాల్లో మురుగు కాలువల పక్కన కూడా బతకగలదు. కనుక దాని గురించి ఎవరూ బెంగ పెట్టుకోరు. కానీ అది పిల్లల్ని పెట్టే లోతు తక్కువ నీరు డెల్టాలో ఏటేటా కుంచించుకుపోతోంది. 1980ల నుంచి భీమవరం, ఆకివీడు వైపు వరిచేలు చేపల, రొయ్యల చెరువులయ్యాయి. వాటి గట్లు నిట్టనిలువు, నీరు లోతు. ఊళ్లలో రోడ్డు పక్క గోతులు పూడ్చి స్థలాలు వేశారు. పూడ్చని గోతుల్లోకి ప్లాస్టిక్కూ మురుగూ చేరాయి. మిగిలిన వరిచేలలో పురుగుమందు కలిసిన నీరు తోకకప్పలకు చేటు. కప్ప చర్మం నీటితో పాటు నీటిలో కలిసిన వాటినీ పీల్చుకుంటుంది.

చేయగలిగిన పనులు పెద్దవేమీ కావు. పెరట్లో సిమెంటు తొట్టి, నీళ్ల సంపు, మరుగుదొడ్డి గొయ్యి మూత లేకుండా ఉంటే గోదురు కప్పలు పడి, నున్నటి గోడలు ఎక్కలేక చనిపోతాయి. తొట్టిలో ఒక చెక్కముక్కో, కొబ్బరి మట్టో ఏటవాలుగా వేస్తే అవే ఎక్కి వస్తాయి. చేలో నీరు తీసే రోజున మూలన ఒక గజం మేర చిన్న గుంట వదిలితే తోకకప్పలు అందులోకి చేరతాయి. ఇంట్లోకి వచ్చిన కప్పను చీపురుతో బాదకుండా చాటలోకి ఎక్కించి పెరట్లో వదలవచ్చు. రాత్రి దీపం కింద అది మళ్లీ ప్రత్యక్షమైతే ఆశ్చర్యపోనక్కరలేదు. తినడానికి పురుగులు దొరికే చోటును గోదురు కప్ప అంత తొందరగా మరిచిపోదు.